కాయితంలో లేని నెల

పొందూరు,
28 ఏప్రిల్ 2026

చిరంజీవి గున్నమ్మకి అన్నయ్య కూర్మయ్య దీవెనలు.

నీ ఉత్తరం అందింది. నా కుడి చెవి ఎప్పుడో పోయింది, ఈ ఎండలకి ఎడమది కూడా మూతపడుతోంది. అందుచేత నువ్వు ఫోనులో అరవడం మానేసి ఉత్తరాలు రాయడం నాకు హాయిగా ఉంది. అయినా ఫోనులో మాట గాలికి పోతుంది. రాసిన మాట ఎక్కడికీ పోదు. ఊళ్ళో నలభై ఏళ్ళు అందరి కాయితాలూ రాసినవాణ్ణి, నాకు తెలియదా.

అసలు సంగతికి వస్తాను. రెండేళ్ళ కిందట మీ వదిన పోయాక ఊళ్ళో ఉన్న పొలమూ ఇల్లూ అమ్మి పిల్లలిద్దరికీ పంచేసి, పంపకాల కాయితం నా చేత్తో నేనే రాశాను కదా. అందులో నా వంతు కూడా రాశాను. "చైత్రం మొదలు భాద్రపదం దాకా ఆరు మాసాలు పెద్దవాడు రాంబాబు ఇంట పొందూరులోనూ, ఆశ్వయుజం మొదలు ఫాల్గుణం దాకా ఆరు మాసాలు చిన్నవాడు గోపి ఇంట శ్రీకాకుళంలోనూ నేను ఉండవలసినది." ఒక్క కొట్టివేత లేదు. పెద్దమనుషులు చదివి, "కూర్మయ్య రాసినాడంటే కోర్టోళ్ళు కూడా కాదన్లేరు" అన్నారు.

మొన్న కొత్త పంచాంగం తిరగేస్తుంటే నా గుండె జారిపోయింది. ఈ ఏడు అధిక జ్యేష్ఠం వచ్చింది. మే పదిహేడు నుంచి జూన్ పదిహేను దాకా. అంటే ఏడాదికి పదమూడు నెలలు. నేను పన్నెండే పంచాను. కిందటిసారి అధిక మాసం పంపకాలకి ముందే వచ్చి వెళ్ళిపోయింది కాబట్టి నాకు తట్టలేదు. ఆ ముప్ఫై రోజులూ నేను ఎవరి వంతులోనూ లేను గున్నమ్మా. నా రాతలో తప్పు దొర్లడం ఇదే మొదటిసారి.

రాంబాబుకి కాయితం చూపించాను. వాడు రెండుసార్లు చదివి, "ఇందులో అధిక మాసం నేదు నాన్నా" అన్నాడు. గోపికి ఫోను చేయిస్తే, "నాది ఆశ్వయుజం నుంచి కదేటి" అన్నాడట. ఇద్దరూ చక్కగా చదివారు. నా పిల్లలు కదా.

నువ్వేమీ బెంగ పెట్టుకోకు. రెండిళ్ళున్నవాడికి ఒక్క నెల ఏపాటిది. అన్నట్టు మీ ఇంట్లో పద్దెనిమిది గదులున్నాయని రాశావు. అన్నీ వాడుకలోనే ఉన్నాయా? ఊరికే అడిగాను.

ఇట్లు నీ అన్నయ్య,
కూర్మయ్య


విజయనగరం,
5 మే 2026

అన్నయ్యకి గున్నమ్మ నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి వంటపాత్రల మధ్యన కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. పంచాంగం చూసి భయపడే మనిషివి నువ్వొక్కడివే ఉంటావు. ఏ కొడుకన్నా అధిక మాసం అని తండ్రిని బయటికి పంపుతాడా? రాంబాబు నోరు మెదపకుండా నీకు అన్నం పెడతాడు, నువ్వు నోరు మెదపకుండా తిను. అంతకంటే రాయాల్సిన కాయితం లేదు.

మా ఇంట్లో తీరికే లేదు. ఈ వైశాఖంలో పెళ్ళి మీద పెళ్ళి. నిన్న ఒక అమ్మాయికి, మొన్న ఒక అమ్మాయికి, రేపు పొద్దున ఒకరికీ సాయంత్రం ఇంకొకరికీ. గుమ్మానికి అరటిచెట్లు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. నిన్నటి బంతిలో గుమ్మడికాయ దప్పళం, బూరెలు, రెండు రకాల పులిహోర. నా గది కూడా పెళ్ళికూతురి వాళ్ళకి ఇచ్చేసి నేను సామాను గదిలో పడుకున్నాను. ఇంత పెద్ద ఇంట్లో సర్దుకోకపోతే ఎలా.

ఒక వింత చెబుతాను విను. మొన్న ఝాన్సీ అని ఒక అమ్మాయి వచ్చింది. యూనివర్సిటీలో చదువుతోందట. ముసలివాళ్ళకి ఇళ్ళు ఉన్నాయా లేదా, ఉన్నవి రేపు కూడా ఉంటాయా అని పరిశోధన చేస్తోందట. ఇలాంటి పరిశోధన కూడా ఉంటుందని నాకు తెలియదు. చేతిలో పలకలాంటి ట్యాబు. "ఈ చోటు వదలాల్సి వస్తే మీరు ఎవరి ఇంటికి వెళ్ళగలరు మామ్మా?" అని అడిగింది. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా నీ పేరు చెప్పాను. "మా అన్నయ్య ఉన్నాడు, ఒకటి కాదు, రెండిళ్ళు" అన్నాను. ఆ అమ్మాయి ముచ్చటపడి ఏదో నొక్కింది.

అధిక మాసంలో ఇక్కడ ఏ శుభకార్యమూ ఉండదు. పదిహేడు నుంచి ఇల్లంతా సున్నాలు వేయిస్తున్నారు. నాకు సున్నం పడదు, దగ్గు వస్తుంది. పొందూరులో గాలి ఎలా ఉంది? రాంబాబుని చూసి చాలా రోజులైంది. నీ పెద్ద కోడలు హైమ చేతి ఉలవచారు తలుచుకుంటే నోరూరుతోంది.

నీ చెల్లెలు,
గున్నమ్మ


పొందూరు,
13 మే 2026

చిరంజీవి గున్నమ్మకి,

దీవెనలు. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఒక అనుమానం తీర్చు. ఆ ఇంట్లో ఆడపిల్లలు ఎంతమంది? బావగారి తరఫు చుట్టాలు గొప్పవాళ్ళని నువ్వు రాశావు, నేను నమ్మాను. కానీ నీ పాత ఉత్తరాలన్నీ తీసి చూస్తే నిరుడు మాఘం నుంచి ఇప్పటిదాకా ఆ ఇంట ముప్ఫై ఏడుగురు ఆడపిల్లలకి పెళ్ళయింది. అంతమందిని కన్న తల్లి ఎవరో ఆమెకి నా నమస్కారాలు చెప్పు.

మీ ఇంట్లో సున్నాలు వేస్తున్నారు కాబట్టి నేనేమీ అడగను. అడగాలని అనుకోలేదు కూడా. నేను పదిహేడో తారీకున కళింగపట్నం బయలుదేరుతున్నాను. సముద్రపు గాలి మంచిదని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. అక్కడ గవర్నమెంటువారి భవనం ఉంది. రెండంతస్తులు, గట్టి సిమెంటు, సముద్రం ఎదురుగా. దాని బాధ్యత చూసే లక్ష్ముడికి పూర్వం నేను కాయితాలు రాసిపెట్టాను. ఆ కృతజ్ఞత వాడికి ఉంది. నా గురించి ఎవరైనా అడిగితే హవా మార్చుకోవడానికి వెళ్ళాడని చెప్పు.

మళ్ళీ జూన్ పదహారున నిజ జ్యేష్ఠం. నా వంతు మొదలు. ఆ రోజు పొద్దున్నే రాంబాబు గుమ్మంలో ఉంటాను.

ఇట్లు,
కూర్మయ్య


పొందూరు,
20 మే 2026

అన్నయ్యా,

నమస్కారాల సంగతి తరవాత. ఎక్కడున్నావు నువ్వు? నీ దగ్గర నెల రోజులు ఉందామని సంచి సర్దుకుని పదిహేడో తారీకు సాయంత్రం ఇక్కడ దిగాను. గుమ్మంలో హైమ నన్ను చూసి, "అయ్యో అత్తా, మావయ్య పొద్దున్న బస్సుకే ఎల్లిపోనాడు" అంది. నువ్వు పదమూడున నాకు ఉత్తరం వేశావట, అది నేను బయలుదేరాకే విజయనగరం చేరి ఉంటుంది. నీకు ఉత్తరాలంటే మహా ప్రేమ, ఉత్తరాలకి నువ్వంటే లేదు. కళింగపట్నంలో గవర్నమెంటు బిల్డింగు అని రాంబాబు చెబితే ఆ చిరునామాకే ఇది రాస్తున్నాను.

ఇక్కడ నన్ను దేవతలా చూస్తున్నారు. నీ గది నాకిచ్చారు. నీ మంచం నాకేశారు. నీ కంచంలోనే తింటున్నాను. ఉలవచారు కూడా అయింది. నాకు ఒకటి అర్థం కావడం లేదు. "ఇదేటిరా, మీ నాన్నకి నేని చోటు నాకెలా వచ్చింది" అని రాంబాబుని అడిగాను. వాడు తల గోక్కుని, "నువ్వు చుట్టానివి కదత్తా, చుట్టానికి కాయితం ఏటి అవసరం" అన్నాడు. చూశావా? కాయితం ఉన్నవాడు బయట, లేనిదాన్ని లోపల.

నీ గదిలో నాకు నచ్చనిది ఒకటుంది. రెండేళ్ళ నుంచి వచ్చిపోతున్నావు కదా, గోడకి ఒక్క మేకు కొట్టుకోలేదేం? చొక్కా తగిలించుకోవడానికి కూడా ఏమీ లేదు. నా చీర కుర్చీ మీద వేస్తున్నాను.

ఆ భవనంలో భోజనం బాగుందా? గవర్నమెంటు వాళ్ళు కాబట్టి పప్పులో ఉప్పుండదు. హవా ఎప్పటికి మారుతుంది? త్వరగా వచ్చెయ్. నువ్వు లేకుండా నీ మంచం మీద పడుకుంటే నాకు దొంగతనం చేసినట్టుంది.

నీ చెల్లెలు,
గున్నమ్మ


కళింగపట్నం,
27 మే 2026

గున్నమ్మకి,

దీవించాలో తిట్టాలో తెలియక ముందు కలం పక్కన పెట్టి సముద్రం వైపు కాసేపు చూసి వచ్చాను. ఎండుచేపల వాసనకి కోపం కొంచెం తగ్గింది. ఇప్పుడు వరసగా రాస్తాను.

మేకు సంగతి ముందు. వంతు మనిషి మేకు కొట్టకూడదు. ఆరు నెలలకి మేకు ఎందుకు?

ఇక ఈ భవనం. దాచి లాభం లేదు, ఇది తుఫాను షెల్టరు. రెండంతస్తులూ సిమెంటూ సముద్రమూ నేను రాసినట్టే ఉన్నాయి, ఒక్క అక్షరం అబద్ధం కాదు. పదిహేడున లక్ష్ముడు తాళం తీశాడు గానీ రిజిస్టరు ముందు పెట్టి నా ఎడమ చెవిలో అరిచాడు. "కూర్మయ్య మావా, నీకు తలుపు తియ్యడానికి నాకేటి అడ్డు నేదు. కానీ ఈ బుక్కులో తుఫాను పేరు రాయాల. పేరు నేకపోతే పైవోళ్ళు నన్ను తినేస్తారు." ఆకాశం చూస్తే మబ్బు తునక లేదు. అబద్ధం రాయడం నాకు చేతకాదు. బాగా ఆలోచించి నా చేత్తోనే నింపాను. తుఫాను పేరు: అధిక జ్యేష్ఠం. తీరం దాటు తేదీ: జూన్ 15. బాధితులు: ఒకరు. లక్ష్ముడు చదివి, "ఇదేటో గట్టి తుఫానే" అన్నాడు.

మొన్న ఆఫీసర్లు వచ్చి తుఫాను వస్తే జనాన్ని ఎలా కాపాడాలో రిహార్సలు చేశారు. షెల్టరు ఖాళీగా ఉండాలని నన్ను బయటికి పంపారు. తరవాత కాపాడడానికి మనుషులు తక్కువయ్యారని నన్నే స్ట్రెచరు మీద పడుకోబెట్టి లోపలికి తెచ్చారు. ఫొటో తీశారు. చప్పట్లు కొట్టారు. ఆ తరవాత రిహార్సలు అయిపోయిందని మళ్ళీ బయటికి పంపారు. సాయంత్రం లక్ష్ముడు తాళం తీసేదాకా పడవల నీడన కూర్చున్నాను.

ఇప్పుడు అసలు విషయం. నీ ఝాన్సీ ఇక్కడికీ వచ్చింది. షెల్టరులో ఒక ముసలాయన ఉన్నాడని ఎవరో చెప్పారట, పరిగెత్తుకుంటూ వచ్చింది. నాకు వినపడదని ప్రశ్నలు కాయితం మీద రాసి చూపించింది. దస్తూరీ బాగుంది. ఇల్లు ఉందా అంటే రెండున్నాయన్నాను. మరి ఇక్కడెందుకున్నారు అంటే పంపకాల కాయితం జేబులోంచి తీసి ఇచ్చాను. ఎప్పటి నుంచి ఇల్లు లేదు అంటే వైశాఖ అమావాస్య వెళ్ళిన పాడ్యమి నుంచి అన్నాను. "ట్యాబులో పాడ్యమి లేదు తాతా" అని రాసింది. ఎప్పటిదాకా అంటే జూన్ పదిహేను దాకా అన్నాను. ఇల్లు లేకపోవడం ఫలానా తేదీకి అయిపోతుందని చెప్పినవాళ్ళు ఇంతవరకు ఎవరూ లేరట. నేనే మొదటివాణ్ణి.

ఆఖరి ప్రశ్న. "మీరు వెళ్ళగలిగిన ఇల్లు ఎవరిదైనా ఉందా?" నేను గర్వంగా, "మా చెల్లెలు గున్నమ్మ ఉన్నాది. విజయనగరం. పద్దెనిమిది గదులు. నిరుడు మాఘం నుంచి ముప్ఫై ఏడు పెళ్ళిళ్ళు" అన్నాను. ఆ పిల్ల కలం ఆపేసింది. నా కాయితం మళ్ళీ తీసి నా పేరు చదివింది. ట్యాబులో ఏదో వెతికింది. కళ్ళు పెద్దవి చేసుకుని నన్నే చూసింది. ఏమిటని అడిగితే, "చెప్పకూడదు తాతా, ఒకరు చెప్పింది ఇంకొకరికి చెప్పకూడదని మాకు రూలు" అని రాసింది. ఆ తరవాత ఒకటే అడిగింది, "మీ చెల్లెలు ఉండే చోట ముప్ఫై ఏడు పెళ్ళిళ్ళు ఎలా అయ్యాయని మీకు ఎప్పుడూ అనుమానం రాలేదా?"

వచ్చింది గున్నమ్మా. వస్తే నీకే రాశాను కదా. కానీ కల్యాణ మండపం అని నాకు తట్టలేదు. నువ్వు గొప్పింట్లో ఉన్నావని ఈ రెండేళ్ళూ పడుకునేముందు తలుచుకుని ధైర్యంగా నిద్రపోయేవాణ్ణి. అబద్ధం ఎందుకు రాశావు?

కూర్మయ్య


పొందూరు,
2 జూన్ 2026

అన్నయ్యకి,

నమస్కారాలు. నీ ఉత్తరం హైమ కంటపడకుండా పెరట్లో చదువుకున్నాను. ఏడుపూ నవ్వూ ఒకేసారి వస్తే దగ్గు వచ్చింది. సున్నానికి వచ్చే దగ్గు అని వాళ్ళకి చెప్పాను.

అవును, కల్యాణ మండపమే. మీ బావ పోయాక మేమున్న అద్దెవాటా పడగొట్టి అపార్టుమెంటు కట్టారు. నీకు చెబితే నీ వంతులోంచి నాకు సగం వంతు ఇస్తానంటావు. కొడుకుల ముందు నువ్వు తల వంచడం నాకిష్టం లేదు. మండపం ఓనరు మంచివాడు, సామాను గది చూసుకో, అక్కడే ఉండు అన్నాడు. గిన్నెలు లెక్క చూస్తాను, గరిటెలు దాస్తాను. ముహూర్తం లేని రోజు మహారాణిని. ముహూర్తం ఉన్న రోజు ఎవరి తరఫు చుట్టాన్నో నాకే తెలియదు. పెళ్ళికొడుకు వాళ్ళు పెళ్ళికూతురి తరఫు అనుకుంటారు, వాళ్ళు వీళ్ళ తరఫు అనుకుంటారు. మొన్న ఒకాయన నా కాళ్ళకి దండం పెట్టి, "పెద్దమ్మా, ఎన్నాళ్ళకి సూసేనే" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. దీవించేశాను. ఏం పోయింది.

అధిక మాసంలో పెళ్ళిళ్ళుండవు కాబట్టి తాళం వేసి రిపేర్లు చేయిస్తున్నాడు. ఎక్కడికి వెళ్తావమ్మా అంటే మా అన్నయ్యకి రెండిళ్ళు అన్నాను. నువ్వు నన్ను చూసి నిద్రపోయావు, నేను నిన్ను చూసి. ఝాన్సీ నిన్న ఫోను చేసింది, నువ్వు రాసిన సంగతి నేనే చెబితే అప్పుడు నోరు విప్పింది. మనిద్దరం ఒకరి పేరు ఒకరం చెప్పాం కాబట్టి కంప్యూటరు ఇద్దరినీ 'ఆసరా ఉన్నవారు' అన్న వరసలో పడేసిందట. "దాన్ని ఎలా మార్చాలో మా సారుకి కూడా తెలీదు మామ్మా" అంది. ఆ పిల్ల గొంతు బాగోలేదు. నేనే ఓదార్చాను.

ఇక నీ అబద్ధం. నిన్న రాంబాబుని నిలబెట్టి కడిగేశాను. "కాయితం సూసి తండ్రిని పంపీసినావా, సిగ్గు నేదురా" అన్నాను. వాడు అరుగు మీద కూలబడ్డాడు. "అత్తా, ఉండిపో నాన్నా అన్నాను. అధికమైనా అదీ జేష్టమే కదా అన్నాను. ఆరు మాసాలని రాసినాను, ఏడో మాసం నీ మీద పెడితే తమ్ముడి ముందర తలెత్తుకోలేను అన్నాడు. మల్లీ అంటే నా రాత కాదంటావేటి అని కోప్పడతాడని ఊరుకున్నాను. రోజూ అన్నం ముందర కూకుంటే ఆ తుఫాను బిల్డింగే కనపడతన్నాది" అన్నాడు. షెల్టరని వాడికి ముందే తెలుసు. నాకు తెలిస్తే బాధపడతానని హవా అన్నాడు. ఈ వంశంలో నిజం చెప్పేవాడు ఒక్కడూ లేడు.

వాడు ఉండమన్న సంగతి నాకు ఒక్క ఉత్తరంలో కూడా రాయలేదేం? నిన్ను గెంటేశారని నేను వాడిని పదిహేను రోజులు మనసులో తిట్టుకున్నాను.

ఇంకో సంగతి. హైమ మంచి పిల్లే, కానీ వాళ్ళమ్మ వస్తోందట. నిన్నటి నుంచి రోజుకి రెండుసార్లు, "సున్నాలు ఆరినాయా అత్తా?" అని అడుగుతోంది. ఇప్పటికి ఆరే ఉంటాయి.

అన్నయ్యా, మనిద్దరికీ పింఛన్లు వస్తాయి. నాకు వంట వచ్చు, నీకు రాత వచ్చు. ఒక్క గది చూడు. పద్దెనిమిది వద్దు.

గున్నమ్మ


కళింగపట్నం,
9 జూన్ 2026

చిరంజీవి గున్నమ్మకి అన్నయ్య దీవెనలు.

నువ్వు అడిగినదానికి సూటిగా జవాబు రాస్తాను. రాంబాబు ఉండమన్నాడు. నిజమే. ఒకసారి అన్నాడు. రెండోసారి అంటాడేమోనని గుమ్మంలో చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు పట్టించాను. ఎడమ చెప్పు కుడి కాలికి వేసి, విప్పి, మళ్ళీ వేశాను. వాడు అనలేదు. నాకు ఏడుపొచ్చింది. ఒకవేళ అన్నాడో, నాకు వినపడలేదో. ఆ అనుమానంతోనే బస్సెక్కాను. నీకు రాయడానికి నామోషీ అనిపించింది.

వాడు ఎందుకు అనలేదో నీ ఉత్తరంలో చదివాక మనసు కుదుటపడింది. అయినా నాకు ఇక వంతులు వద్దు. అది వాడి తప్పు కాదు, గోపి తప్పూ కాదు. ఆరు నెలలకోసారి సంచి సర్దుకునేటప్పుడు నేను ఎవరికీ చెందని మనిషిలా ఉంటుంది. నాకు ఒక చోటు కావాలి గున్నమ్మా. చిన్నదైనా సరే.

అందుకని చీపురుపల్లి వెళ్ళి రెండు రోజులు తిరిగాను. పొందూరుకీ విజయనగరానికీ రైలు ఉంది, నీకు ముహూర్తాల రోజుల్లో వెళ్ళి రావడానికి వీలు. మొదటి ఇంటాయన నన్ను చూసి ముచ్చటపడ్డాడు, ఎవరికి ఇల్లు అని అడిగాడు. నాకూ మా చెల్లెలికీ అంటే, "పెద్దోళ్ళకి ఇవ్వం బాబూ, మీ అబ్బాయిని పంపండి" అన్నాడు. రెండో ఆమె గది చూపించేదాకా వచ్చి నా వయసు తెలిసి తాళంచెవి పోయిందంది. చేతిలోనే ఉంది.

మూడోది అప్పలసూరిది. స్టేషను రోడ్డులో కిరాణా కొట్టు, దాని వెనక పెంకుటిల్లు, ఒక గది, వంటసాల, వీధి అరుగు. అతను దాచుకోలేదు, చెవి దగ్గరికి వచ్చి చెప్పాడు. "పెద్దాయనా, నీకు గది ఇవ్వడానికి నాకేటి బాధ? కానీ మీ ఇద్దరిలో ఎవులైనా ధనిష్ఠా పంచకంలో పోతే ఆర్నెల్లు ఇల్లు మూసీయాల. పక్కనే కొట్టు. నా యాపారం ఏటైపోవాల సెప్పు?"

అతని బాధ న్యాయమైనదే. నేను ఒక్క నిమిషం ఆలోచించి, "కాయితం రాసిస్తాను" అన్నాను. అతని కొట్టులోనే కూర్చుని పొట్లాలు కట్టే పెట్టె మీద రాశాను. నకలు నీకు పంపుతున్నాను:

"చీపురుపల్లి కాపురస్తులు అప్పలసూరి గారికి, కూర్మయ్య అను నేనూ, నా చెల్లెలు గున్నమ్మా రాసి ఇచ్చిన ఒప్పంద పత్రం. తమరి గదిలో మేము చైత్రం మొదలు ఫాల్గుణం దాకా పన్నెండు మాసాలూ, అధిక మాసం వచ్చిన ఏడు పదమూడు మాసాలూ కాపురం ఉండగలవారము. ధనిష్ఠ, శతభిషం, పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర, రేవతి అను అయిదు నక్షత్రాలలో తమరి ఇంట మేము చనిపోము. తప్పనిసరి అయిన పక్షంలో ముందుగా తెలియపరచి వీధి అరుగు మీదికి రాగలవారము. ఇది మా యిష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా రాసి ఇచ్చినది."

అప్పలసూరి రెండుసార్లు చదివాడు. "నీ యబ్బ, ఏటి రాసినావయ్యా" అని కళ్ళు తుడుచుకుని తాళంచెవి ఇచ్చాడు. సాక్షి సంతకం మిగిలింది. రాంబాబు చేత పెట్టించు. వాడు కాదనడు.

నీ సంతకం కూడా కావాలి. నువ్వు మాట తప్పకూడదు సుమా.

కూర్మయ్య


చీపురుపల్లి,
17 జూన్ 2026

చిరంజీవి గున్నమ్మకి,

నువ్వు నాకు మూడు అడుగుల దూరంలో కూర్చుని వంకాయలు తరుగుతూ, ఎవరికీ ఉత్తరం అని కళ్ళతో అడుగుతున్నావు. నీకే. ఇది పూర్తవగానే స్టేషను దగ్గర ఎర్ర డబ్బాలో వేసి వస్తాను.

ఎందుకంటే, నిన్న ఝాన్సీ వచ్చి మన చిరునామా అడిగితే నేను చెప్పలేకపోయాను. నాకు నోరు తిరగలేదు. డెబ్బై నాలుగేళ్ళొచ్చి నా చిరునామా నాకు కొత్తగా ఉంది. నిన్ననే నిజ జ్యేష్ఠం వచ్చింది. రాంబాబు, గోపి ఇద్దరూ కలిసి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నా వంతు మొదలైంది కదా, తీసుకెళ్దామని. "ఇంటికి పద నాన్నా" అని రాంబాబు అన్నాడు. ఈసారి రెండుసార్లు అన్నాడు. రెండూ వినపడ్డాయి. గోపి అయితే ఆశ్వయుజం దాకా ఆగలేనన్నాడు. నువ్వు పెట్టిన ఉప్మా తిని, పాత కాయితం వెనక ఇద్దరూ సంతకాలు పెట్టి వెళ్ళారు. "నాన్న ఎప్పుడొచ్చినా చుట్టమే" అని రాశారు. భాషలో తప్పుంది గానీ దిద్దలేదు.

ఝాన్సీ మనల్ని ఏ గడిలో పెట్టాలో తెలియక బుర్ర పట్టుకుంది. ఇల్లు లేనివారు కాదట, ఉన్నవారూ కాదట. అప్పలసూరి కాయితం చూపిస్తే మూడుసార్లు చదివి ఫొటో తీసుకుంది. వాళ్ళ సారుకి చూపిస్తుందట.

మన ఇద్దరి పేర్లూ, ఈ డోరు నంబరూ రాసి ఈ ఉత్తరం పోస్టు చేస్తున్నాను. పోస్ట్‌మ్యాన్ వెతుక్కుని ఇక్కడికే తెస్తే మనకి ఇల్లున్నట్టు. తేకపోతే ఏం చెయ్యాలో అప్పుడు ఆలోచిద్దాం. జూలై మొదటి వారంలో ధనిష్ఠ వస్తోంది. అయిదు రోజులు జాగ్రత్తగా ఉండు. తడి నేల మీద నడవకు.

అన్నయ్య,
కూర్మయ్య


చీపురుపల్లి,
20 జూన్ 2026

అన్నయ్యకి గున్నమ్మ నమస్కారాలు.

నువ్వు అప్పలసూరి కొట్టులో ఎవరికో అర్జీ రాసిపెడుతూ కూర్చున్నావు. మాట్లాడితే నీకు వినపడదు కాబట్టి రాస్తున్నాను. దీన్ని కూడా పోస్టు చేస్తాను. రెండు ఉత్తరాలు వస్తే పోస్ట్‌మ్యాన్‌కి మన గది అలవాటవుతుంది.

ఇవాళ పదకొండింటికి సైకిలు బెల్లు వినపడింది. నేను వంటసాలలోంచి వచ్చేసరికి పోస్ట్‌మ్యాన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కవరు అటూ ఇటూ తిప్పి, "కూర్మయ్య గారిల్లు ఇదేనామ్మా?" అని అడిగాడు. ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న. ఝాన్సీ కూడా అడగలేదు. అవునని తల ఊపాను. సంతకం ఎక్కడ పెట్టాలని అడిగాను. మామూలు ఉత్తరానికి అక్కర్లేదమ్మా అన్నాడు. పెడతానంటే వద్దన్నాడు.

నీ ఉత్తరం చదివాను. ధనిష్ఠ సంగతి నాకు గుర్తుంది. ఆ అయిదు రోజులూ నువ్వు కూడా అప్పలసూరి సైకిలు ఎక్కకు.

ఇంకొకటి. నిన్ను అడగకుండా ఒక పని చేశాను, కోప్పడకు. అప్పలసూరి దగ్గర సుత్తి తీసుకుని, తలుపు పక్కన గోడకి పెద్ద మేకు కొట్టాను. పెంకుటిల్లు అంతా అదిరింది. మన చిన్నప్పుడు నాన్న గోడకి ఉత్తరాల తీగ ఉండేది చూడు, అలాంటిది వంచి తగిలించాను. నీ ఉత్తరం అందులో గుచ్చాను. మొదటిది.

నీ చొక్కాకి రెండో మేకు నువ్వే కొట్టుకో. ఎక్కడ కావాలో నాకు తెలియదు.

నీ చెల్లెలు,
గున్నమ్మ